అయిదుగురి పని చేసిందట!

"గొడుగు అట్టుకెల్లు సిస్టరమ్మా. కొండ మీద మబ్బు దిగిపోనాది."

"ఒక సేత్తో టీకాల పెట్టి, ఒక సేత్తో సీర కుచ్చిళ్ళు. గొడుగేటి, నెత్తిమీద మొలుత్తాదా? పోనీ నువ్వొచ్చి పట్టు."

"నానెందుకు పడతాను? అది నా పని కాదు."

గెడ్డ దారిలో దిగుతున్న మనిషి ఆగి వెనక్కి తిరిగింది. ఇన్నేళ్ళూ తాను మా అందరి మొహానా కొట్టిన మాట తిరిగొచ్చి తనకే తగిలేసరికి పకపకా నవ్వింది.

"నేర్సీసుకున్నావే, దొంగదానా!" అంది.

అవే మా ఇద్దరి ఆఖరి మాటలు. పొద్దు వాలేలోగా గెడ్డ, మా కొండవాగు, ఆవిడని తీసుకుపోయింది. టీకాల పెట్టె దిగువన వెదురుపొదకి తగులుకుని దొరికింది. ఆవిడ ఇంకా కిందికి, రాళ్ళ మడుగులో దొరికింది. పెట్టె మూత ఊడలేదు. మర్నాడు జీపులో వచ్చిన ఆఫీసరు ఆ మూత వంక చూసి, "చూశారా, ప్రాణం పోయినా మందు పోనివ్వలేదు" అని మెచ్చుకున్నాడు. ఆ నోట్లో ఇంత మట్టి కొడదామనుకున్నాను. కొట్టలేదు. అందుకే ఇప్పుడు చెప్తున్నాను.

గొడుగు పట్టనన్నందుకు నాకేమీ బెంగ లేదు, ముందే చెప్పేస్తున్నాను. ఆ పెట్టె మోయడం నా పని కాదు. ఆవిడ పని కూడా కాదు. మరి ఎవరి పని? నేను అడిగేది అదొక్కటే. ఎవరూ చెప్పడం లేదు.

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతే నా చదువు. ఇది నా కోడలు రాస్తోంది. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివింది, అక్షరం కుదురుగా ఉంటుందంటారు. నా మాట నా యాసలోనే రాస్తే అచ్చులో నప్పదని పుస్తకాల తెలుగులోకి సర్దుతోంది. సర్దుకో అన్నాను. మెత్తబరచొద్దు అన్నాను.

అచ్చు ఎందుకంటే, సిస్టరమ్మ పేరు మీద ఏదో పుస్తకం వేస్తారట. మోటారు సైకిలు మీద ఒక అబ్బాయి వచ్చి చెప్పాడు. "ఆవిడ త్యాగం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమ్మా, నీకూ ఆవిడకీ బాగా స్నేహమట కదా" అన్నాడు. ఆ స్నేహం ఎలాంటిదో వాడికేం తెలుసు. మేమిద్దరం తిట్టుకోని వారం లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాయి. నా కోడలికి ఏడో నెల. ఒంట్లో నెత్తురు తక్కువ. సబ్‌సెంటరుకి తాళం వేసుంది. ఆ తాళం తీసే మనిషి కోసమే ఈ మాటలు. ఏడవడానికైతే నాకు కాగితం అక్కర్లేదు.

సిస్టరమ్మ, మా సబ్‌సెంటరు నర్సు, పొట్టి మనిషి. నడక మాత్రం మేకపిల్ల నడక. మైదానం నుంచి వచ్చింది కాదు, మా కొండల పిల్లే. అవతలి లోయలో చర్చి ఉన్న ఊరు. ఆదివారం ప్రార్థనలో అందరి కోసం మోకరిల్లి, సోమవారం వచ్చి అందరినీ తిట్టేది. మా ఇళ్ళలో ఏమీ తినేది కాదు. గిన్నెలో ఎండుచేప కూర తెచ్చుకుని, సబ్‌సెంటరు అరుగు మీద గోడ వైపు తిరిగి తినేది. తినేటప్పుడు ఎవరైనా జబ్బు చెప్తే చెయ్యి కడుక్కోకుండానే లేచి, తర్వాత ఆ ముద్ద ఆరిపోయిందని ఆ మనిషినే తిట్టేది.

వచ్చిన కొత్తలో ఊరంతా ఆవిడని అసహ్యించుకున్నాం. పన్ను నొప్పి అంటే "నా పని కాదు". ఆవుకి కడుపుబ్బింది, ఒక సూది వెయ్యమంటే "నా పని కాదు". రేషను కార్డులో పేరు తప్పు పడింది, మాట్లాడమంటే "నా పని కాదు". పిల్లలు వెనకాల నాపనికాదమ్మ అని పేరు పెట్టారు. అది ఆవిడ చెవిన పడేది. పడినా పిల్లల్ని ఏమీ అనలేదు.

మాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. నా పని కాదు అని గుమ్మం వేసేసుకునే మనుషుల్ని మేం ఆఫీసుల్లో చాలామందిని చూశాం. ఈవిడ ఆ మాట అనేసి బయల్దేరేది. ఎక్కడికి? ఊరి పైన కాఫీ తోట దాటితే ఒక చదును బండ ఉంది. ఫోను అక్కడే పలుకుతుంది. ఆ బండెక్కి, ఆ పని ఎవరిదో వాళ్ళకి ఫోను చేసేది. ఎత్తకపోతే మళ్ళీ చేసేది. పశువుల డాక్టరైనా సరే, రేషను ఆఫీసైనా సరే. కింద చోడిచేలో కలుపు తీసే మాకు ఒక వైపు మాటలే వినిపించేవి. "కుదరదంటే సరిపోదు సార్, ఎప్పుడు కుదురుద్దో సెప్పండి. నాను ఈడే కూకుంతాను."

బండ ఎక్కేముందు ఆవిడ ఒక పని చేసేది. సంచిలోంచి దువ్వెన తీసి తల దువ్వుకునేది. పైట సర్ది పిన్ను పెట్టుకునేది. చెప్పులు వేసుకునేది, అప్పటిదాకా చేత్తో పట్టుకున్నవే. నాకు నవ్వొచ్చి ఒకసారి అడిగాను.

"ఫోన్లో నీ తల కనిపిత్తాదేటి సిస్టరమ్మా?"

"నాకు కనిపిత్తాది. తల సింపిరిగా ఉంటే గొంతులోకి బతిమాలడం ఒచ్చేత్తాది. నానేటి, ముష్టికెల్తన్నానా?"

మా ఇంటాయనకి దగ్గు పట్టుకున్నప్పుడు నేనూ ఆవిడా మొదటిసారి గట్టిగా తగులుకున్నాం. రాత్రీ పగలూ దగ్గే. పక్కటెముకలు లెక్కకొచ్చేలా అయిపోయాడు. ఆసరాగా పట్టుకుని సబ్‌సెంటరుకి నడిపించుకెళ్ళాను. మా కొండల్లో సూది పడితేనే వైద్యం. మాత్ర ఇస్తే మోసం చేసినట్టు.

"సూది ఎయ్యి," అన్నాను.

"జబ్బేటో తెలకుండా సూదేటే? జబ్బేటో సెప్పడం డాక్టరు పని."

"మరి నువ్వెందుకు ఈడ? ఈగల్తోలడానికా?"

"అది కూడా నా పని కాదు. ఈ డబ్బీలో తెల్లారగట్ల కళ్ళె ఉమ్మించి అట్రా. అది సూసీది కింద ల్యాబు బాబు."

మొహం మీద ఉమ్మేద్దామన్నంత కోపం వచ్చింది. డబ్బీ మాత్రం తీసుకెళ్ళాను. కళ్ళె కిందికి వెళ్ళింది. టీబీ అని తేలింది. మనిషి ఇంకా నీరసించిపోయాడు, కొండ దిగలేడు. డాక్టరు రోడ్డు ఆగిపోయే చోటుకి జీపులో వచ్చి అందులోనే కూర్చున్నాడు, రోగిని డోలీలో దింపుకు రమ్మన్నాడు. సిస్టరమ్మ జీపు తలుపు పట్టుకుని నిలబడింది.

"రోగి నడవలేడు సార్. మీరు నడవగలరు."

 ఆయన ప్యాంటు మడిచాడు. బూట్లు గెడ్డలో తడుపుకుని వచ్చి, మా గుమ్మంలో కూర్చుని, మందు ఎన్నాళ్ళు మింగాలో, మానేస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పాడు. ఆ కుర్ర డాక్టరు చెడ్డవాడేం కాదు. అప్పటిదాకా ఎవరూ నడవమనలేదు, నడవలేదు. అంతే.

మందు మింగించి చూడడం మా ఊరి ఆశా పిల్ల పని. పొద్దున్నే వచ్చి ఎదురుగా నిలబడి మింగించేది. అయినా మా ఇంటాయన ఒంట్లో కండ పట్టలేదు. సిస్టరమ్మ తూకం వేసి చూసి మొహం ముడుచుకునేది. మళ్ళీ తూకం వేసేది. ఒకరోజు వాకిట్లో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ మా ఇంటి లోపలికి చూపు పోనిచ్చింది. మూల దేవుడి రాయి ముందు ఎర్రమాత్రలు కుప్పగా ఉన్నాయి.

మాకు కొత్త తినడం అని ఉంటుంది. మామిడికాయైనా, సామబియ్యమైనా, చిక్కుడైనా, కొత్తది ఏదొచ్చినా ముందు దేవుడికి పెట్టాకే మనిషి నోట్లో పెట్టాలి. మా ఇంటాయన దొంగతనంగా ఏమీ చెయ్యలేదు. రోజూ ఇచ్చే మాత్రల్లో ఒకటి తీసి దేవుడికి పెట్టి, మిగిలినవి తాను మింగేవాడు. ఆశా పిల్ల ఎదురుగానే పెట్టేవాడు. ఆ పిల్లా మా ఊరిదే కదా, తనకీ అందులో తప్పు కనపడలేదు. నాకూ కనపడలేదు. మందు దేవుడు కూడా ఎరిగుంటే తొందరగా పనిచేస్తుందనుకున్నాం.

సిస్టరమ్మ తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు. గుమ్మంలో కూలబడి, ఆ కుప్పలో మాత్రలు కళ్ళతోనే లెక్కపెట్టింది. తర్వాత లేచి, "దీనికి నాను పనికిరాను, డాక్టరూ పనికిరాడు," అంటూ దిసారి ఇంటి దారి పట్టింది. దిసారి అంటే మాకు మంచిరోజులు చూసేవాడు, దేవుళ్ళతో మాట్లాడి పెట్టేవాడు. ఏం గొడవ చేస్తుందోనని వెనకాలే పరిగెత్తాను.

"దిసారి మావా, ఈలింటి దేవుడికి టీబీ ఉన్నాదేటి?"

"తప్పు! తప్పు మాట! కళ్ళు పోతాయి!"

"నేదు కదా? మరి మాత్తర్లు ఆయనకెందుకు? ఒద్దని సెప్పు."

"నువ్వే సెప్పు. ఊరంతటికీ సెప్తావు కదేటి."

"నా మాట ఇనడు. నాను సర్చికెల్లేదాన్ని. దేవుడితో మాటాడ్డం నీ పని. కోడి తినడం తెలుసు కదా మావా, పని సెయ్యి."

దిసారికి కోపం వచ్చింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. మర్నాడు తలంటుకుని మా ఇంటికొచ్చి, రాయి ముందు బియ్యం గింజలు పరిచి, చాలాసేపు గొణిగాడు. చివరికి, దేవుడికి ఈ ఎర్రగింజ పడడం లేదు, పొద్దున్నే పిడికెడు చోళ్ళు చాలన్నాడు, అని చెప్పాడు. మా ఇంటాయన ఊపిరి పీల్చుకోవడం చూశాను. అప్పట్నుంచి మాత్రలన్నీ ఆయన కడుపులోకే వెళ్ళాయి. మెల్లగా లేచాడు. అడవికెళ్ళాడు, తోటకెళ్ళాడు, మళ్ళీ నాతో దెబ్బలాడాడు. సిస్టరమ్మ ఆ సంగతి ఎవరి దగ్గరైనా చెప్పేటప్పుడు, "దిసారి బాగు సేసినాడు," అనేది. "నానేటి సేసినాను? ఆడి పని ఆడు సేసినాడు."

అర్థమవుతోందా, ఆవిడ ఎలాంటి మనిషో?

కోడలికి నెల తప్పినప్పుడు సిస్టరమ్మ ఈ పిల్ల చెయ్యి లాక్కుని వేళ్ళు విప్పింది. "ఇది ఆశా పిల్ల, ఇంటికొచ్చి సూసీది, కబురు సెప్పీది. ఇది అంగన్వాడీ టీచరు, గుడ్డూ పాలూ నీ పొట్టలోకే ఎల్లేటట్టు సూసీది. ఇది నాను. సూదేత్తాను, బీపీ సూత్తాను, కడుపు పట్టుకు సూత్తాను. ఇది నెత్తురు సూసీ ల్యాబు బాబు. ఇది డాక్టరు. అంబులెన్సు డ్రైవరో? ఏళ్ళు అయిపోనాయి. ఓలే, నీ చెయ్యి ఇలగియ్యి!" అని నా చెయ్యి కూడా లాక్కుంది. డ్రైవరుని నా చిటికెన వేలి మీద కూర్చోబెట్టి, బొటనవేలు పట్టుకుని నొక్కింది. "ఇది నువ్వు. గుంటకి కడుపు నొప్పంటే ముసుగేసి పడుకోబెట్టకుండా బేగి నోరు తెరవడం నీ పని. ఎవులి పని ఆలు సేత్తే నాను ఇంటికెల్లి అన్నం తింతాను. నేదంటే మీ పేణాలు తీత్తాను."

ఆ వేలు ఇప్పటికీ నొప్పెడుతున్నట్టే ఉంటుంది.

మా ఇంటాయన టీబీతో పోలేదు. కల్లు గీయడానికెక్కి జీలుగు చెట్టు మీంచి పడి పోయాడు. డోలీలో రోడ్డుకి, రోడ్డు మీంచి బండిలో కింద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ప్రాణం పోయింది. పోయాక మనిషి అక్కర్లేని సామాను అయిపోయాడు. వరండాలో పెట్టారు. కొండకి ఎలా తీసుకెళ్ళాలని అడిగితే, డ్యూటీలో ఉన్నాయన బతికున్నవాళ్ళ సంగతే తన సంగతి అన్నాడు. అంబులెన్సు డ్రైవరు శవాన్ని ఎక్కించనన్నాడు. కౌంటరులో అమ్మాయి పెద్ద సారుని అడగమంది. పెద్ద సారు మీటింగులో ఉన్నాడట. మోటారు సైకిలు మాట్లాడుకుని మధ్యలో కూర్చోబెట్టుకుని పొండి అని ఒకడు మంచి చెప్పినట్టు చెప్పాడు. మా ఇంటాయన్ని, బస్తాలాగా, ఇద్దరి మధ్య కూర్చోబెట్టి!

ఎవరు ఫోను చేశారో, సిస్టరమ్మ దిగింది. ఆ రోజు ఆవిడకి సెలవు. వరండా మెట్ల మీద నిలబడి ముందు దువ్వెన తీసింది. అంత దుఃఖంలోనూ నేనది చూశాను. తల దువ్వుకుని, పిన్ను పెట్టుకుని, ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్ళి ఒకటే మాట అడిగింది.

"శవాన్ని ఇంటికి చేర్చడం ఎవరి పని?"

"నా పని కాదు సిస్టర్."

"సరే. మీది కాదని మీకు తెలుసు. ఎవరిదో చెప్పండి."

ఒక పెద్దమనిషి నవ్వుతూ, "మీరే ఏదో ఒకటి చూడండి సిస్టర్, మీకు అలవాటే కదా," అన్నాడు.

"నేను చూస్తే రేపట్నుంచి అది నా పని అయిపోద్ది. మీరందరూ నా వంకే చూస్తారు. నేను చూడను. చూడాల్సిన వాళ్ళని చూపించండి."

మీటింగు గది గుమ్మానికి అడ్డంగా, నేల మీద, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లోపల్నుంచి వచ్చే టీ గ్లాసులు ఆవిడ తల మీంచి అందించాల్సి వచ్చింది. కాసేపటికి ఎవరి పనో తెలిసింది. తెలియడమేమిటి, ఆ మనిషి ఆ వరండాలోనే మా ఎదురుగా ఇందాకట్నుంచీ తిరుగుతున్నాడు. శవాల బండి ఆసుపత్రి వెనకాలే ఉంది. డీజిలు పోయించారు. కదిలింది.

బండి ఎక్కేటప్పుడు నేను కాగితాలు పట్టుకుని, ఏది ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాను. అప్పటిదాకా నా కంట నీరు రాలేదు. సిస్టరమ్మ వచ్చి కాగితాలు లాక్కుంది.

"ఇయి ఈల పని. ఏడవడం నీ పని. ఏడు," అంది.

ఏడ్చాను. ఘాటు మలుపులన్నీ ఏడ్చాను. ఆ రోజు ఆవిడ ఆ మాట అనకపోతే ఆ ఏడుపు నాలోనే ఉండిపోయేది.

అలాంటి మనిషి చేతికి టీకాల పెట్టె ఎలా వచ్చిందో అడగండి. పెట్టె తెచ్చేవాడు వేరే ఉండేవాడు. ఐసు పెట్టిన పెట్టెని కింద ఆసుపత్రి నుంచి భుజానేసుకుని, తెల్లవారే సరికి సబ్‌సెంటరులో దించేవాడు, గెడ్డ అవతలి ఊళ్ళకీ వాడే మోసేవాడు. వానల్లో గెడ్డ ఏ రాయి మీంచి దాటాలో, ఎప్పుడు దాటకూడదో వాడికి తెలుసు. దాటలేని రోజున "ఇయ్యాల కాదు సిస్టరమ్మా," అనేవాడు, ఆవిడ సరే అనేది. వాడిని మానిపించారు. తర్వాత సబ్‌సెంటరులో రెండో సిస్టరు బదిలీ అయి వెళ్ళిపోయింది, బదులు ఎవరూ రాలేదు. ఆ తర్వాత గెడ్డ అవతలి ఊళ్ళ సిస్టరు కూడా వెళ్ళిపోతే, ఆ ఊళ్ళూ ఈవిడకే అంటగట్టారు. కొన్నాళ్ళే, సర్దుకోండి అన్నారు.

ఆవిడ బండెక్కి అరిచింది. రోజూ అరిచింది. తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని అరిచింది. మాకు ఒక వైపే వినిపించేదని చెప్పాను కదా. మెల్లగా ఆ వైపు కూడా మాటలు తగ్గిపోయాయి. "ఊఁ సార్. ఊఁ. సరే సార్." ఈ వానాకాలం మొదలయ్యాక ఒకరోజు చూశాను, తల దువ్వుకోకుండానే బండెక్కింది. దువ్వెన సంచిలోనే ఉంది. "నా పని కాదు" అనడం కూడా మానేసింది. పన్ను నొప్పంటే చూసింది. కార్డు సంగతి అడిగితే కాగితం తీసుకుంది. ఊరంతా సంబరపడింది, సిస్టరమ్మ మెత్తబడిందని. మెత్తబడలేదర్రా, విరిగిపోయింది.

అవతలి ఊరి పసిపిల్లలకి అప్పటికే టీకా తప్పిపోయింది. నేను గొడుగు పట్టుకెళ్ళమన్న రోజు మళ్ళీ తప్పిపోయేలా ఉంది. "ఖాళీలు ఎట్టింది ఆఫీసోలు. పసిగుంటలేటి సేసినారు?" అని పెట్టె ఎత్తుకుంది. అందుకే నేను కావాలని ఆ మాట అన్నాను, నా పని కాదు అని. తన మాట తనకి గుర్తొస్తుందని. గుర్తొచ్చింది. నవ్వింది కదా. నవ్వి, వెళ్ళింది.

సభ పెట్టారు. బడి ముందు టెంటు వేశారు. సిస్టరమ్మ ఫొటోతో ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తల వెనక సూర్యుడిలాగా వెలుగులు పెట్టారు. దాని మీద ఏం రాశారో కోడలు చదివి చెప్పింది: అయిదుగురి పని ఒంటిచేత్తో చేసిన త్యాగమూర్తి. ఆఫీసరు మైకులో కూడా అదే అన్నాడు. "ఇలాంటివారు ఒక్కరుంటే చాలు," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

నేను లేచాను.

"బాబూ, ఆ అయిదుగురు ఎవులు?"

"అంటే... మాటవరసకి అన్నానమ్మా."

"మాటవరసకి కాదు బాబూ, నానెరిగినోలే ముగ్గురున్నారు. పెట్టి మోసీవోడు ఉన్నాడు. రెండో సిస్టరు ఉన్నాది. అవతలి ఊళ్ళ సిస్టరు ఉన్నాది. ఆలు ఏరి? ఆల జీతాలు ఆవిడకి ఇచ్చినారా?"

"కూర్చోమ్మా. ఇది సంతాప సభ."

"సంతాపం నాది. సభ మీది."

ఎవరో నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. వెంటనే పాట పెట్టారు.

కొత్త మనిషి ఎప్పుడొస్తారంటే, అందాకా పక్క సెంటరు సిస్టరు చూసుకుంటుందన్నారు. ఆ సిస్టరు మొన్న వచ్చింది. చిన్నపిల్ల, చంటిబిడ్డ తల్లి. అదే పెట్టె. కడిగి, ఎండబెట్టి, అదే పెట్టె ఇచ్చారు. మా గుమ్మంలో కూర్చుని మంచినీళ్ళు తాగి, గెడ్డ వైపు చూసి, చిన్న గొంతుతో అంది:

"అత్తా, నాకు ఈత రాదు."

"ఈత రావడం నీ పని కాదమ్మా," అన్నాను. ఆ రోజు దాన్ని గెడ్డ దాటనివ్వలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఎన్నాళ్ళు కూర్చోబెట్టగలను? నా కోడలికి నొప్పులు వచ్చేది వానలు ఆగని నెలలోనే. ఆ రోజు ఈ పిల్ల గెడ్డకి అవతలి ఒడ్డున ఉంటే, నా కోడలు ఇవతలి ఒడ్డున ఉంటే, మీరు ఇంకో ఫ్లెక్సీ కడతారా? వెనకాల ఇంకో సూర్యుణ్ణి పెడతారా?

మంచి మాటలు చెప్పమన్నారు. ఇదిగో, నాకు తెలిసిన మంచి మాట. ఆవిడ అయిదుగురి పని చెయ్యలేదు. బతికినన్నాళ్ళూ ఒక్కరి పనే చేసింది, తన పని. మిగిలిన వాళ్ళ పని వాళ్ళ మెడలు వంచి చేయించింది. డాక్టరుని నడిపించింది, దిసారి చేత దేవుడికి చెప్పించింది, నన్ను ఏడిపించింది. వేరేవాళ్ళ పని చేసినరోజున చచ్చిపోయింది. దానికి త్యాగమని పేరు పెట్టకండి. ఆ పేరు పెడితే రేపు ఇంకొకర్ని ఆ గెడ్డలోకి దింపడం మీకు తేలికవుతుంది. పెట్టె మోసేవాణ్ణి పెట్టండి. సిస్టర్లని పెట్టండి. ఆ గెడ్డ మీద మనిషి నడిచేపాటి వంతెన కట్టడం ఎవరి పనో, ఆయన పేరు ఆ ఫ్లెక్సీ మీద రాయండి. నా కోడలు చదువుతుంది.

అదిగో, రాయడం ఆపేసింది. నా మొహం వంక చూస్తోంది.

"అత్తా, ఇది ఆలు పుస్తకంలో ఎయ్యరు."

"ఎయ్యకపోతే సంతలో బండ మీదెక్కి నువ్వే సదువు."

"నానా? ఈ కడుపేసుకునా?"

"సెప్పడం నా పని, సెప్పినాను. అచ్చెయ్యడం ఆల పని. సెయ్యకపోతే సేసిందాకా గుమ్మంలో కూకుంతాం. నేర్పిన మనిషి నేర్పీసే పోనాది కదేటి."

"సరే అత్తా. ఓపాలి సదివి ఇనిపించనా?"

"సదువు. గొడుగు కాణ్ణించి సదువు. ఆవిడ నవ్విన కాడ ఆగు, నాను సెప్పినాక మల్లీ మొదలెట్టు. ఉండు, ఉండు. ముందు తల దువ్వుకురా."